పన్నెండు దాకా లెక్కపెట్టే ఇనుప చక్రం

"ఆరు కొట్టాలో ఏడు కొట్టాలో గడియారానికెలా తెలుస్తుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. ఒక్క ముక్కలో జవాబు: తెలియదు. కానీ అంతటితో వదిలేస్తే నాకు నిద్రపట్టదు.

ఇంగ్లండులోని సాల్స్‌బరీ కథీడ్రల్‌లో ఒక పాత ఇనుప గడియారం ఉంది. ముళ్లు లేవు, అంకెలు లేవు. గంట కొట్టడమొక్కటే దాని పని. తాళ్లకు వేలాడే రాతి గుండ్లు దాన్ని నడిపిస్తాయి. ఒక గుండు కాలం నడిపే చక్రాలది, రెండోది గంట కొట్టే చక్రాలది. మొదటి వరసలో ఒక అడ్డకమ్మీ అటూ ఇటూ ఊగుతూ గుండు ఒక్కసారిగా జారిపోకుండా చూస్తుంది. దాని సంగతి ఇంతటితో చాలు. సొగసంతా రెండో వరసలో ఉంది.

అక్కడ ఒక చక్రం అంచున గాట్లు, గాట్ల మధ్య గట్లు ఉంటాయి. ఏ రెండు గట్లూ ఒక పొడవుండవు. 1 నుంచి 12 దాకా కూడితే 78 కదా, అంచు మొత్తం 78 వాటాలనుకోండి. గంట గడవగానే మొదటి వరస ఒక మీటను గాటులోంచి పైకి లేపుతుంది. దాంతో గుండు దిగడం మొదలవుతుంది, సుత్తి గంట మీద పడుతుంది. దెబ్బ దెబ్బకూ చక్రం ఒక వాటా జరుగుతుంది, మీట కిందికి దిగబోతుంది. గట్టు తగిలిందా, ఇంకో దెబ్బ. గాటు ఎదురైందా, మీట అందులో పడి అంతా ఆగిపోతుంది. రెండుకు బుల్లి గట్టు, పన్నెండుకు చాంతాడంత గట్టు. మరి ఒంటిగంటకో? గట్టే లేదు! అక్కడ గాటునే వెడల్పు చేశారు. మీట లేచి, ఒక్క దెబ్బ కొట్టనిచ్చి, అదే గాటులో మళ్లీ పడుతుంది. ఎంత తెలివండీ!

గుండు దిగేకొద్దీ దెబ్బలు దబదబా పడాలి కదా అంటారేమో. పడవు. వరస చివర రేకుల పంకా ఒకటి గిర్రున తిరుగుతుంటుంది. వేగం పెరిగితే గాలి అడ్డూ పెరుగుతుంది.

మిలాన్‌లో 1336 నాటి గడియారం 24 దాకా కొట్టేది. అంటే రోజుకు 300 దెబ్బలు. 12 గంటల పద్ధతిలో 156తో సరిపోతుంది. గుండును మళ్లీ మళ్లీ పైకి చుట్టినవాళ్ల భుజాలను తలచుకోండి.

పాతగా కనబడిందల్లా పాతదే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. లండన్ సైన్స్ మ్యూజియంలోని డోవర్ కోట గడియారం 1348 నాటిదని చాలాకాలం నమ్మారు. తీరా చూస్తే అది 1600 ప్రాంతానిది. సాల్స్‌బరీ గడియారాన్ని 1386 నాటిదనడానికి ఆధారం, దాన్ని చూసుకునే మనిషికిచ్చిన ఇంటి గురించిన పత్రం. ఆ పత్రంలోని గడియారం ఇదేనా అన్న వాదన ఇంకా తెగలేదు.

ఈ గాట్ల చక్రానికి ఒక జబ్బుంది. కిందటిసారి ఎన్ని కొట్టిందో తప్ప ఇప్పుడెంతైందో దానికి పట్టదు. ఒక్కసారి తప్పిందా, ఎవరో ఒకరు దిద్దేదాకా అదే తప్పు. మన పాత ఇళ్ల గోడ గడియారాల్లోనూ చాలావాటికి ఇదే చక్రం, ఇదే జబ్బు. నాలుగైతే మూడు కొట్టేవి.

1676లో ఎడ్వర్డ్ బార్లో దీనికి మందు కనిపెట్టాడు. గంటల ముల్లుతోపాటే తిరిగే మెట్ల బిళ్ల ఒకటి పెట్టి, దాని మెట్టును బట్టి దెబ్బలు పడేట్టు చేశాడు. ఇక అర్ధరాత్రి గంట కొట్టించే తాడు లాగినా కిందటి గంటే మళ్లీ కొడుతుంది. పాత చక్రమైతే తర్వాతి గంటకు దూకేది. దీపం వెలిగించడమే ఒక పనైన రోజుల్లో అది పెద్ద సుఖం. ఇప్పుడు దీంతో పనేముందంటారా? ఏమీ లేదు, ఫోను చూసుకోండి.