పట్టికలో ఒక్క అంకె

ఒలింపిక్ క్రీడలు జరిగే రోజుల్లో పత్రికలు పతకాల పట్టిక వేస్తాయి. సాధారణంగా బంగారు పతకాలు ఎక్కువ గెలిచిన దేశం పైన ఉంటుంది. అవి సమానమైతే వెండి, అవీ సమానమైతే కంచు లెక్కిస్తారు.

2000లో సిడ్నీ క్రీడల పట్టికలో మనకు బంగారం సున్న, వెండి సున్న, కంచు ఒకటి. వంద కోట్ల జనానికి ఒక్కటేనా అనిపించవచ్చు. అయితే ఆ ఒక్కటి ఎలా వచ్చిందో చూడండి.

దాన్ని తెచ్చినది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి. ఒలింపిక్స్‌లో స్త్రీలకు బరువులెత్తే పోటీ పెట్టడం అదే మొదలు. 69 కిలోల తరగతిలో ఆమె ఒక్క ఊపున 110 కిలోలు తలపైకి ఎత్తింది. రెండవ పద్ధతిలో ముందు భుజాలకు, అక్కడినుంచి తలపైకి, 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. చైనా, హంగరీ వనితలిద్దరూ సరిగ్గా 242.5 ఎత్తారు. ఆనాటి నియమం ప్రకారం శరీరం బరువు తక్కువగా ఉన్న చైనా వనితకు బంగారం దక్కింది.

మల్లేశ్వరి చివరిసారి 137.5 కిలోలకు పూనుకున్నది. అది నిలిచి ఉంటే మొత్తం 247.5 అయి, అందరినీ మించేది! కాని నిలవలేదు.

అయినా ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. పట్టికలో ఇదేదీ కనిపించదు. ఒక్క అంకె మాత్రం ఉంటుంది. ఈసారి పట్టిక చూసినప్పుడు అంకెతోపాటు పేరు కూడా అడిగి తెలుసుకోండి.