అడ్డకర్ర చేసే మేలు

రోగిని ఎత్తే లిఫ్ట్ ఇంటికి తెచ్చుకున్నవాళ్ళకు మొదటిరోజే ఒక సందేహం వస్తుంది: మనిషిని పైకి లేపేటప్పుడు లిఫ్ట్ చక్రాలకు బ్రేకు వేయాలా, వద్దా? వేయాలనే ఎవరికైనా తోస్తుంది. సరైన జవాబు మాత్రం వద్దనే. మన రాష్ట్రంలో మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకు 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను వస్తోంది. ఆ డబ్బుతో ఇలాంటి సాధనం కొందామా అని ఆలోచించే ఇళ్ళు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ ఉంటాయి కనుక, ఆ జవాబు వెనకున్న కారణం తెలుసుకోవడం మంచిది. పరికరం సంగతి రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు. కింద రెండు కాళ్ళున్న చక్రాల పీఠం, దాని మీద స్తంభం, స్తంభం నుంచి ముందుకు చాచిన చేయి, చేయి చివర అడ్డకర్ర, దాని కొక్కేలకు తగిలించే గుడ్డ స్లింగ్. చేయి హైడ్రాలిక్ పంపుతోనో, మోటారుతోనో లేస్తుంది. అందరూ చూసేది మోటారు బలం, గుడ్డ గట్టితనం. ప్రాణం కాపాడేది మాత్రం బరువు ఎక్కడ, ఏ కోణంలో వేలాడుతోందన్నదే.

దీనికి తిరుగులేని సాక్ష్యం మన డోలీ. శృంగవరపుకోట మండలం దారపర్తి కొండల నుంచి, సాలూరు వైపు కొండశిఖర గ్రామాల నుంచి గర్భిణులను, రోగులను డోలీలో దించడం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. రోడ్డు లేకపోవడమే అసలు దోషం, అందులో సందేహం లేదు. అయితే డోలీ ఆకారంలోనూ ఒక దోషముంది. దాని కర్ర మనిషి పొడవునా ఉంటుంది. దుప్పటి రెండు చివరలూ చెరో ముడిలోకి చేరతాయి. కర్ర తలనూ కాళ్ళనూ ఎడంగా ఉంచుతుందే తప్ప, కుడి ఎడమల నుంచి దగ్గరకు వచ్చే గుడ్డను ఆపలేదు. భుజాలు ముడుచుకుంటాయి, వీపు వంగుతుంది, గడ్డం ఛాతీ మీదికి వాలుతుంది. లెక్క చూద్దాం. 60 కిలోల మనిషిని ఒకే కొక్కేనికి వేలాడదీస్తే, రెండు పక్కల పట్టీలు నిటారు నుంచి 45 డిగ్రీలు వాలాయనుకోండి. ఒక్కో పట్టీ మోసే నిలువు బరువు 30 కిలోలే, కానీ పట్టీలో బిగుతు 42 కిలోలు దాటుతుంది. పైగా ఒక్కో పక్క నుంచి 30 కిలోల బరువంత బలం శరీరాన్ని లోపలికి నొక్కుతుంది. 60 డిగ్రీలు వాలితే ఆ నొక్కుడు 52 కిలోలు. లిఫ్ట్‌లో కర్ర భుజాలకు అడ్డంగా ఉంటుంది. పట్టీలు దాదాపు నిటారుగా దిగుతాయి, నొక్కుడు దాదాపు పోతుంది. గుడ్డ మందం రెట్టింపు చేసినా ఈ మేలు జరగదు.

ఇక బ్రేకు సంగతి. వేలాడే ఏ వస్తువైనా తన గరిమనాభి కొక్కేనికి సరిగ్గా కిందికి వచ్చేదాకా ఊరుకోదు. మేస్త్రీ గోడకు పట్టే తూకం గుండు చేసేదీ అదే. లిఫ్ట్ చేయి నిలువునా లేవదు, స్తంభం పైనున్న కీలు దగ్గర చాపంలా తిరుగుతుంది. చేయి పొడవు మీటరు అనుకుంటే, 30 డిగ్రీలు కిందికి వంగిన స్థితి నుంచి సమతలానికి వచ్చేసరికి దాని కొన 13 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. ఇంకా లేస్తే మళ్ళీ వెనక్కి వస్తుంది. ఈ తేడాను ఎవరో ఒకరు భరించాలి. చక్రాలు బిగిస్తే రోగి భరిస్తాడు: పిరుదులు పరుపు మీద ఈడ్చుకుపోతాయి, పుండ్లు పడే చోటే చర్మం ఒరుసుకుంటుంది, పరుపు వదలగానే మనిషి ఊగుతాడు, ఆ ఊపుకు లిఫ్ట్ ఒరగనూ వచ్చు. చక్రాలు వదిలేస్తే లిఫ్టే జరిగి బరువు మీదికి వచ్చి నిలుస్తుంది. లేపేటప్పుడు వెనక చక్రాలు బిగించవద్దని ఇన్వాకేర్ వంటి తయారీదారుల పుస్తకాలు చెప్పేది ఇందుకే. బ్రేకు వేయాల్సింది చక్రాల కుర్చీకి, చక్రాలుంటే మంచానికి. లిఫ్ట్ కాళ్ళు మాత్రం పూర్తిగా విప్పి ఉంచాలి, నేల సమంగా ఉండాలి.

‘నలుగురు పట్టుకుంటే పోయేదానికి ఇంత హంగామా ఎందుకు’ అనేవారికి శాస్త్రం ఎప్పుడో జవాబిచ్చింది. మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి ఎత్తితే నడుముకు ఢోకా లేదని దశాబ్దాల పాటు నర్సులకు నేర్పారు. 1999లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో విలియం మర్రాస్ బృందం వెన్నెముక మీద పడే భారాన్ని లెక్కగట్టి చూస్తే, సహకరించే 50 కిలోల మనిషిని ఇద్దరు కలిసి మార్చినా ప్రమాదం తప్పలేదు. 2007లో థామస్ వాటర్స్ రోగులను చేతులతో ఎత్తడానికి సూచించిన పరిమితి దాదాపు 16 కిలోలు. మంచి శిక్షణ ఇస్తే చాలన్న వాదనకూ కాక్రేన్ సమీక్షలో ఆధారం దొరకలేదు. ఇక మన ఇళ్ళలో అలవాటైన పద్ధతి, చంకల్లో చేతులు వేసి లేపడం, పక్షవాతం వచ్చిన భుజాన్ని కీలు జారేలా లాగుతుంది. ‘గాల్లో వేలాడితే పెద్దవాళ్ళు భయపడతారు’ అన్నది నిజమైన అభ్యంతరమే. ఆ భయం చాలావరకు ఊగడం వల్ల పుడుతుంది. ఊగడం ఎలా తగ్గుతుందో పైన చూశాం.

వాడకంలో మిగతా జాగ్రత్తలు చాలావరకు, బరువు ఎక్కడ, ఏ కోణంలో వేలాడుతోందన్న ఈ సూత్రానికి పిల్లలే. కుడి ఎడమల ఒకే రంగు, అంటే ఒకే పొడవున్న, ఉచ్చులు తగిలించాలి. లేకుంటే గరిమనాభి పక్కకు పోతుంది. భుజాల ఉచ్చులు పొట్టివైతే మనిషి కూర్చున్నట్టు, పొడవైతే వాలినట్టు వస్తాడు. స్లింగ్ పెద్దదైతే జారిపోతాడు, చిన్నదైతే గజ్జల్లో కోసుకుంటుంది. మెడ నిలపలేనివారికి తల దన్ను ఉన్న స్లింగే వాడాలి. కుట్టు ఊడినా, పట్టీ అంచు పీచులేసినా పారేయాలి. దానికి బదులు దుప్పటి కట్టకూడదు. మంచం నుంచి నాలుగైదు సెంటీమీటర్లు లేవగానే ఆపి, ప్రతి కొక్కెమూ చూసి, ఆ తర్వాతే పైకి లేపాలి. అమ్మేవాళ్ళు చెప్పనిది ఇంకొకటుంది: అడుగుదాకా పెట్టెలున్న దివాను కిందికి లిఫ్ట్ కాళ్ళు దూరవు, మన ఇళ్ళ గడపలు దాని చిన్న చక్రాలు దాటలేవు. మనిషి వేలాడుతుండగా గడప దాటించే ప్రయత్నం అసలు వద్దు. 2018 తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి తీరప్రాంతంలో చేతిపంపు లిఫ్ట్ మేలు. మోటారుది కొంటే, కరెంటు లేనప్పుడు దించే మీట ఎక్కడుందో ముందే చూసుకోండి. కొన్న రోజున రోగిని ఎత్తకండి. సేవ చేసేవాళ్ళే ఒకరి తర్వాత ఒకరు స్లింగ్‌లో కూర్చుని లేపించుకోండి. ఏ పట్టీ ఎక్కడ నొక్కుతుందో ఒంటికి తెలిశాకే మంచం దగ్గరికి తీసుకెళ్ళండి.