మర బిగిస్తే సరిపోదు!

గీజర్ దగ్గర నీటి చుక్క కనిపించగానే రెంచీ అందుకుని ఇంకో చుట్టు బిగించేస్తాం. రెండ్రోజులు ఆగుతుంది. మూడోరోజు మళ్లీ మామూలే! అసలు కిటుకు చేతిబలంలో లేదు, మరల మధ్య ఏం నింపామన్న దాంట్లో ఉంది.

చలికాలం వచ్చిందంటే గీజర్‌కి ఊపిరాడదు. పొద్దునా సాయంత్రం నీళ్లు కాగడం, మళ్లీ చల్లారడం... ఆ వేడికి పైపులు కాస్త సాగుతాయి, చల్లారగానే ముడుచుకుంటాయి. చన్నీళ్ల పైపు ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నా వేణ్నీళ్ల పైపు జాయింటు ముందుగా చెమర్చడానికి కారణం ఇదే.

సందు ఎక్కడుంది?

రెండు పైపుల్ని బిగించినప్పుడు మరలు ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయినట్టే కనిపిస్తాయి. కానీ వాటి కొనల వెంట సన్నటి సందు మెలికలు తిరుగుతూ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉంటుంది. నీటికి ఆ దారి చాలు. మన ఇళ్లలోని అరంగుళం పైపుకి అంగుళానికి 14 మరలుంటాయి. ఈ మర ఆకారానికి మూలం ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో సూచించిన కొలతలే. ఇనప పైపు చివర మరలు కొస వైపు కాస్త సన్నబడతాయి. అందుకే తిప్పేకొద్దీ బిగుసుకుంటాయి. అయినా సందు పూర్తిగా మూసుకోదు. దాన్ని నింపడానికే నార, టేపు, పేస్టు.

నార... టేపు...

పాతకాలం ప్లంబర్లు మరలకి నార చుట్టి, పైన సఫేదా పూసేవారు. తడి తగలగానే నార ఉబ్బి సందుని మూసేస్తుంది. పద్ధతి మంచిదే, చిక్కల్లా సఫేదాతోనే. అసలైన తెల్ల సఫేదా అంటే సీసం. అది ఒంట్లో చేరితే పిల్లల మెదడు ఎదుగుదలకి దెబ్బ. అందుకే పేస్టు కొనేటప్పుడు సీసం లేనిదీ, తాగునీటి పైపులకు పనికొచ్చేదీ అని డబ్బామీద ఉందో లేదో చూడాలి.

ఇప్పుడు ఎక్కువగా వాడేది తెల్ల టేపు. దీని ముడిసరుకు టెఫ్లాన్‌ను 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనిపెట్టారు. 260 డిగ్రీల వేడినీ తట్టుకుంటుంది కాబట్టి గీజర్ నీళ్లు దానికో లెక్క కాదు.

చుట్టడం ఇలా...

* ముందు కరెంటు, నీళ్లు రెండూ కట్టేయాలి. గీజర్ చల్లారాకే చెయ్యి పెట్టాలి.
* మరల్లోని పాత టేపునీ తుప్పునీ శుభ్రంగా తీసేసి తుడవాలి.
* మర చివర మనవైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో లాగి చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది.
* మొదటి మరని వదిలేస్తే టేపు ముక్కలు నీళ్లలోకి జారవు.
* బిగించాక సరిచేద్దామని వెనక్కి తిప్పారో, టేపు తెగినట్టే. విప్పి, కొత్తగా చుట్టాల్సిందే.

ప్లాస్టిక్ ఫిట్టింగులకు టేపు మరీ దట్టంగా చుట్టి బలంగా తిప్పితే పగులుతాయి. ఇక గీజర్‌కి కలిపే వంగే గొట్టం నట్టుకి టేపే అక్కర్లేదు. అక్కడ నీటిని ఆపేది లోపలి రబ్బరు వాషరు. అది గట్టిపడిపోతే మారిస్తే సరి.

ఆ చుక్కని ఆపొద్దు!

కారే ప్రతి చుక్కా లీకు కాదు. నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరితే దాదాపు 350 మిల్లీలీటర్లు ఎక్కువవుతాయి. అంటే గ్లాసున్నర! అవి బయటకు పోవడానికే సేఫ్టీ వాల్వ్ ఉంది. కాగేటప్పుడు దాన్నుంచి చుక్కలు పడటం మామూలే. లీకనుకుని దానికి టేపు చుట్టి బిరడా కొడితే ఒత్తిడికి దారి ఉండదు. థర్మోస్టాట్ కూడా మొరాయించిందంటే ట్యాంకు పేలే ప్రమాదం ఉంది. గీజర్ ఆపేశాక కూడా ధార ఆగకపోతే మెకానిక్‌ని పిలవండి. అంతేకానీ ఆ వాల్వ్ నోరు మాత్రం ఎప్పుడూ మూయకండి.