చేపల పడవలో చివికిన చెక్క

మీ ఊళ్ళో కంచెకు పాతిన కర్రగుంజ ఎప్పుడైనా విరిగితే, అది ఎక్కడ విరిగిందో గమనించారా? పైన గాలి తగిలే చోట విరగదు. తవ్వి చూస్తే లోతున ఉన్న మొన కూడా చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. సరిగ్గా నేలమట్టం దగ్గర, జానెడు మేర మెత్తబడి, అక్కడ విరుగుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎక్కడో అమెరికాలో ఒక సరస్సు మీద తేలే పడవకు పట్టిన జబ్బేమిటో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

అమెరికాలోని మిన్నెసోటా, మిచిగన్ రాష్ట్రాలలో సరస్సులు వేల సంఖ్యలో ఉన్నాయి. సెలవురోజున గాలం పట్టుకుని చిన్న పడవలో సరస్సు మీదికి పోవడం అక్కడివారికి గొప్ప సరదా. ఆ పడవ మన కాకినాడ రేవులో కనిపించే పడవలాంటిది కాదు. నాలుగైదు మీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల మందాన అల్యూమినియం రేకు, వెనక ఒక మోటారు, అంతే. విమానాలు తయారుచేసే గ్రమ్మన్ కంపెనీ 1945 ప్రాంతంలో అల్యూమినియం దోనెలు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ తరువాత ఇలాంటి రేకు పడవలు బాగా వ్యాపించాయి. రేకు అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి, మనిషి నిలబడి గాలం వెయ్యడానికి వీలుగా దానిపైన ప్లైవుడ్ పలకలతో చదునైన నేల అమరుస్తారు. పలకల మీద తివాచీ అంటిస్తారు.

పడవలో తివాచీ ఎందుకు, షోకు కాకపోతే అనుకుంటాం. కాని దానికి కారణాలున్నాయి. ఎండకు రేకు కాలుతుంది, తడిస్తే జారుతుంది. వీటికన్నా ముఖ్యమైనది చప్పుడు. సీసపు గుండు ఒకటి చేతిలోంచి జారి రేకు మీద పడితే, పడవంతా డప్పులా మోగి ఆ కంపనాన్ని నీటికి అందిస్తుంది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1480 మీటర్లు ప్రయాణం చేస్తుంది. గాలిలో దాని వేగానికి ఇది నాలుగు రెట్లకు పైనే. చేపకు పైకి కనిపించే చెవులు లేవుగాని లోపలి చెవి ఉంది. ఒంటికి రెండు పక్కలా పొడుగునా, నీటి కదలికను పసిగట్టే పార్శ్వరేఖ ఉంది. ఇక అది గాలం దగ్గరకు వస్తుందా?

ఇంత ఉపకారం చేసే తివాచీ వల్లనే కొన్నేళ్ళకు పడవ నేల మెత్తబడుతుంది. ఒకనాడు సరస్సు నడుమ చేపను లాగుతున్న మనిషి కాలు పలకలోకి దిగబడుతుంది. ఊగే పడవలో అలా తూలిపడటం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

తివాచీని పెరికి చూస్తే విచిత్రంగా ఉంటుంది. తివాచీ పోగులు అరిగి, రంగు వెలిసి ఉంటాయి గాని కుళ్ళవు. అవి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులు. సూక్ష్మజీవులకు అది తిండి కాదు. దాని కింద ఉన్న చెక్క మాత్రం గోధుమరంగుకు తిరిగి, అడ్డంగా నిలువుగా పగిలి, చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది. వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది.

ఇది చెదల పని కాదు, శిలీంధ్రాల పని. చెక్కలో ముఖ్యమైన పదార్థాలు రెండు. పొడుగాటి దారాల వంటి సెల్యులోజు చెక్కకు లాగుడును తట్టుకునే బలాన్నిస్తుంది. ఆ దారాలను పట్టి ఉంచే లిగ్నిన్ గోడలోని సున్నం లాంటిది. గోధుమకుళ్ళు కలిగించే శిలీంధ్రాలు సెల్యులోజును తినేసి లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తాయి. దారాలు పోయాక మిగిలేది ఆ గోధుమరంగు పెంకే.

శిలీంధ్రం పెరగాలంటే తిండి, వెచ్చదనం, గాలి, నీరు నాలుగూ కావాలి. పొడి చెక్క బరువులో నూటికి ఎన్ని పాళ్ళ నీరుందో దాన్ని చెక్క తేమ శాతం అంటారు. తేమ 20 శాతానికి లోపు ఉంటే శిలీంధ్రానికి ఎదుగుదల లేదు. 30 శాతం దాటితే దానికి పండగే. అలాగని నీరు మరీ ఎక్కువైనా దానికి కష్టమే. చెక్కలోని సన్నని గొట్టాలన్నీ నీటితో నిండితే గాలికి చోటుండదు. మన పెద్దలు బావి అడుగున నేరేడు చెక్కతో చట్రం వేసేవారు. ఏళ్ళ తరబడి నీట మునిగి ఉన్నా అది చివికేది కాదు. నేరేడు గట్టితనం కొంత కారణమైతే, గాలి అందకపోవడం మరికొంత. స్వీడన్ దేశపు వాసా అనే ఓడ 1628లో మునిగింది. 333 సంవత్సరాల తరువాత, 1961లో పైకి తీస్తే దాని చెక్క చాలావరకు నిలిచి ఉంది. ఆ సముద్రపు నీటిలో ఉప్పు తక్కువ కావడంవల్ల చెక్కను తొలిచే ఓడపురుగు కూడా అక్కడ లేదు.

ఇప్పుడు కంచెగుంజ సంగతి తేలింది. పైన గాలి ఉంది, నీరు నిలవదు. లోతున తేమ ఉంది, గాలి తక్కువ. నేలమట్టం దగ్గర రెండూ ఉన్నాయి. పడవ పలక కూడా అలాంటి చోటే ఉంది. సరస్సు నీటిని రేకు బయటనే ఆపేస్తుంది. పలకను తడిపేది పైనుంచి పడే వాన, తడికాళ్ళు, చేపల తొట్టి నుంచి చిందిన నీళ్ళు. తివాచీ పోగుల సందుల్లో కేశాకర్షణ వల్ల ఆ నీరు నిలుస్తుంది. పైన ఎండ కాసినా అడుగున తడి ఆరదు. పెరట్లో నిలిపి ఉంచిన పడవలో నెలల తరబడి ఇదే పరిస్థితి.

పలకలు ఊడదీసినప్పుడు మరొక్క సంగతి చూడాలి. వాటి కింద పాలీయురెథేన్ నురుగు గట్టిపడిన దిమ్మలుంటాయి. 1971లో అమెరికా చేసిన పడవల భద్రతా చట్టం కింద వచ్చిన నియమాల ప్రకారం, 20 అడుగులలోపు మోటారు పడవలు నీటితో నిండిపోయినా తేలుతూనే ఉండాలి. ఆ పని చేసేది ఈ నురుగు. 100 లీటర్ల నురుగు బరువు 3 కిలోలు అనుకుందాం. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం అది నీట మునిగితే 97 కిలోలను ఎత్తి నిలపగలదు. ఏళ్ళ తరబడి అడుగున చేరిన నీరు చలికి గడ్డకట్టి, వ్యాకోచించి, నురుగులోని సన్నని గదుల గోడలను పగలగొడుతుంది. సగం గదుల్లో నీరు చేరితే దిమ్మ బరువు 53 కిలోలవుతుంది. అది ఎత్తగల బరువు 47 కిలోలకు దిగుతుంది. ప్రాణం కాపాడవలసిన దిమ్మ మామూలు రోజుల్లో బరువై కూర్చుంటుంది, ఆపదలో సగమే ఆదుకుంటుంది. పిండితే నీరు కారే దిమ్మను తీసి పారెయ్యవలసిందే.

ఇక కొత్త చెక్క. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. కుళ్ళని చెక్క కావాలని, మందు పట్టించిన ప్లైవుడ్ కొని తెస్తారు. ఆ మందు కథలో మనవారి పేరు కూడా ఉంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం అనే శాస్త్రజ్ఞుడు 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపిన మందును కనిపెట్టాడు. రాగి శిలీంధ్రాన్ని చంపుతుంది, ఆర్సెనిక్ పురుగును చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ చెక్కలో బిగించి ఉంచుతుంది. ప్రపంచమంతటా కరెంటు స్తంభాలకూ కంచెలకూ దాన్ని వాడారు. ఆర్సెనిక్ విషం కాబట్టి అమెరికాలో 2003 చివరికి ఇళ్ళ పనులకు దాన్ని చాలావరకు మానేశారు. తరువాత వచ్చిన మందుల్లో రాగి మరింత ఎక్కువ, దాన్ని బిగించే క్రోమియం లేదు.

చెక్కకు ఈ రాగి మేలే చేస్తుంది. పడవ రేకుకు మాత్రం పగ. ఎందుకో మీ బడి ప్రయోగశాలలో, మాస్టారి సమక్షంలో చేసి చూడండి. అర గ్లాసు నీటిలో చిటికెడు మైలతుత్తం, అనగా కాపర్ సల్ఫేటు, కరిగించండి. అందులో పలచని అల్యూమినియం రేకు ముక్క వెయ్యండి. చాలాసేపు పెద్ద మార్పేమీ కనిపించదు. రేకు మీద ఉండే ఆక్సైడు పొర దాన్ని కాపాడుతుంది. ఇప్పుడు ఒక చెంచా ఉప్పు వెయ్యండి. ఆ పొర అక్కడక్కడ తెగుతుంది. గ్లాసు వేడెక్కుతుంది, బుడగలు వస్తాయి, రేకు చిల్లులు పడి కరిగిపోతుంది. అడుగున ఎర్రని పొడి చేరుతుంది. అది రాగి. మైలతుత్తం విషం, చేత్తో ముట్టకండి, తరువాత చేతులు కడుక్కోండి.

అల్యూమినియం ఎలక్ట్రాన్లను వదులుకోవడానికి తొందరపడే లోహం, రాగి వాటిని అందుకునే లోహం. వాటి ప్రమాణ పొటెన్షియళ్ళ మధ్య తేడా సుమారు 2 వోల్టులు. తడిసిన పలకనుంచి రాగి అయాన్లు కారి రేకు మీద చేరితే, ప్రతి రాగి మచ్చా ఒక చిన్న బాటరీ అవుతుంది. నష్టపడేది అల్యూమినియమే. రేకు మందం రెండు మిల్లీమీటర్లేనని మరచిపోకండి. నేలను కాపాడబోయి పడవకే చిల్లు పెట్టుకున్నట్టవుతుంది!

కాబట్టి రాగి మందు లేని మెరైన్ ప్లైవుడ్ మేలు. ఈ పేరు చూసి అది కుళ్ళదనుకోకూడదు. అక్కడి మెరైన్ ప్లైవుడ్ గొప్పతనమంతా మరుగుతున్న నీటికి కూడా విడిపోని ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురులోనూ, పొరల మధ్య ఖాళీలు లేకపోవడంలోనూ ఉంది. చెక్క మాత్రం మామూలు చెక్కే. పొరలను ఒకదానిపై ఒకటి అడ్డంగా తిప్పి అతకడం వల్ల పలక వంకర్లు పోదు. అయితే ఏ అంచున చూసినా కొన్ని పొరల గొట్టాలు నోరు తెరుచుకుని కనిపిస్తాయి. నీరు ప్రవేశించేది ముఖ్యంగా ఆ అంచుల నుంచి, మరమేకుల రంధ్రాల నుంచి. అందుకని పాత పలకను ఆనవాలుగా పెట్టి కొత్తది కోసి, రంధ్రాలన్నీ ముందే తొలిచి, అప్పుడు ఎపాక్సీ రెజిన్ పూస్తారు. ముఖాలకు రెండు పూతలైతే అంచులకు మూడు. పూసేముందు పలక బాగా ఆరి ఉండాలి. తడి లోపలే చిక్కుకుంటే శిలీంధ్రానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. ఆరిందో లేదో తెలియడానికి రోజూ తూచడమే మంచి ఉపాయం. బరువు తగ్గడం ఆగిన రోజున పూత మొదలుపెట్టవచ్చు.

సామాన్ల అరలకు మూతలు కొయ్యడంలో ఒక చిన్న లెక్క ఉంది. తివాచీ మందం 4 మిల్లీమీటర్లనుకోండి. అది మూత అంచు చుట్టూ మడత పడుతుంది, అర అంచు చుట్టూ కూడా మడత పడుతుంది. కాబట్టి ఒక్కొక్క పక్క 8, రెండు పక్కలా కలిపి 16 మిల్లీమీటర్లు వదలాలి. ఈ లెక్క మరచినవారు పడవ సిద్ధమయ్యాక మూత దిగక, అంటించిన తివాచీని మళ్ళీ పెరకవలసి వస్తుంది.

కొందరు తివాచీ మానేసి, నీరు పీల్చని రబ్బరు వంటి పరుపు వేస్తున్నారు. నాకైతే అదే మంచిదనిపిస్తుంది. ఏది వేసినా, ఒడ్డుకు చేరాక పడవ ముక్కును ఎత్తుగా నిలిపి, వెనక అడుగున ఉండే బిరడా తీసి ఉంచితే నీరు దానంతటదే కారిపోతుంది. మళ్ళీ సరస్సులోకి దించేముందు ఆ బిరడా పెట్టాలి సుమా! అది మరచి పడవను నీటిలోకి తోసినవారు కొల్లలు. అందుకే కొందరు బిరడాను మోటారు తాళంచెవికి కట్టి ఉంచుతారు.