బొటనవేలికి కొత్త కీలు

కిందటిసారి నేను ఊరగాయల గురించి మాట్లాడితే వాటి గురించి వచ్చిన ఉత్తరాలు నాలుగు. నేను చేతికర్ర పట్టుకుని రికార్డింగుకు వచ్చానని ఎవరి ద్వారానో తెలిసి, "కాలికేమైందక్కా?" అని అడిగిన ఉత్తరాలు మాత్రం చాలానే ఉన్నాయి. విడివిడిగా జవాబులు రాసే ఓపిక లేదు కనుక అందరికీ కలిపి ఇవాళ చెప్తాను.

నాకు కుడికాలి బొటనవేలు మొదట్లో ఉండే కీలుకు ఆపరేషను అయింది. అరిగిపోయిన కీలు తీసేసి సిలికోన్‌తో చేసిన కీలు పెట్టారు. ఈ మాట వినగానే మా అత్తమ్మ, "గింత వేలికి ఆపరేషనా? గుండెకు చేస్తరు, కడుపుకు చేస్తరు గాని బొటనేలుకు చేసుడు నేనెన్నడు ఇనలే" అంది. నిజానికి నేను కూడా అంతకుముందు వినలేదు.

ఆ వేలితో మనకెంత పనుందో అది మొరాయించినప్పుడే తెలుస్తుంది. అడుగు వేసేటప్పుడు మడమ పైకి లేచి, ఒంటి బరువంతా ముందుకు వస్తుంది. ఆ క్షణంలో బొటనవేలు వంగి మనల్ని ముందుకు తోస్తుంది. నడకకైతే కొంత వంపు చాలు. ముంగాళ్ళ మీద కూర్చుని ముగ్గు వేయాలన్నా, పీట మీంచి చెయ్యి ఆనకుండా లేవాలన్నా, నేల తుడవాలన్నా ఇంకా ఎక్కువ వంగాలి. మన పనులన్నీ నేల మీదవే కదా. కుర్చీల మీద బతికేవాళ్ళకు పదేళ్ళు ఆలస్యంగా తెలిసే జబ్బు మనకు ముందే తెలిసిపోతుంది.

నాకు మొదలైంది బాల్కొండలో. అది మా అత్తగారి ఊరు. మాకు అక్కడ పసుపు చేను ఉంది. పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో నేనూ వెళ్ళి కొమ్ములు సర్దుతూ కూర్చుంటాను. నాలుగేళ్ళ కింద అలా కూర్చుని లేవబోతే బొటనవేలి మొదట్లో కలుక్కుమంది. బెణికిందనుకున్నాను. ఆ ఏడాది మెట్లెక్కేటప్పుడు నొప్పి, మరుసటి ఏడాది నడిచినా నొప్పి. వేలు పైకి వంగడం మానేసింది. కీలు మీద గట్టిగా బొడిపె లేచింది. మా వైపు వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, అది అచ్చం చెరకు కణుపులాగా ఉండేది. చెప్పు పట్టీ దానికి ఒరుసుకుంటే ప్రాణం పోయేది.

"యూరిక్ యాసిడ్ అయ్యుంటుంది, పప్పు మానెయ్యి" అని ఇరుగుపొరుగు వైద్యం చెప్పారు. ఆర్నెల్లు పప్పు మానేశాను, కాలు నొప్పి అట్లనే ఉంది. గౌట్ అనే ఆ జబ్బూ ఎక్కువగా ఈ కీలుకే వస్తుంది, కానీ దాని తీరు వేరు. అది సాధారణంగా రాత్రికి రాత్రే వస్తుంది. వేలు ఎర్రగా, వేడిగా ఉబ్బి దుప్పటి తగిలినా ఓర్చుకోలేము. కొద్ది రోజుల్లో తగ్గి మళ్ళీ ఎప్పుడో వస్తుంది. నాది అలా కాదు, మెల్లగా ఏళ్ళ తరబడి బిగుసుకుంటూ వచ్చింది. రక్తపరీక్ష, ఎక్స్‌రే చూసి డాక్టరుగారు ఇది కీలరుగుడు అన్నారు. కీళ్ళవాతంలో కూడా కాలివేళ్ళ కీళ్ళు చెడతాయట. అందుకే పేరు తేల్చుకోకుండా మందు మింగకూడదు. నేను దుకాణంలో అడిగి తెచ్చుకుని మింగిన నొప్పి బిళ్ళలు నా కడుపును పాడుచేశాయి తప్ప కాలికి చేసిందేమీ లేదు.

కీలరుగుడు అంటే ఏమిటో నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది డాక్టరు కాదు, మా బావగారు. ఆయన బోధన్ నిజాం షుగర్స్‌లో ఫిట్టరు, 2015లో ఫ్యాక్టరీ మూతపడేదాకా అందులోనే ఉన్నారు. "ఇనుముకు ఇనుము తగలకుండ నడుమ బుష్ ఉంటది. బుష్ అరిగితే ఇనుము ఇనుము రాసుకుంటది, చప్పుడైతది, బిగుసుకుంటది" అన్నారు. మన కీళ్ళలో ఎముకల కొసన ఉండే నున్నటి మృదులాస్థి పొరే ఆ బుష్షు. అది పోతే ఎముక ఎముకకు తగులుతుంది. ఆ రాపిడికి ఎముక అంచుల్లో కొత్త ఎముక మొలుస్తుంది. నా చెరకు కణుపు అదే. బావగారి యంత్రానికీ నా కాలికీ తేడా ఒక్కటే, ఒంట్లో బుష్షు తిరిగి పెరగదు.

ఇంతమాత్రాన అందరూ ఆపరేషనుకు పరుగెత్తాలని కాదు. మొదట వంగని గట్టి అడుగు, ముందు భాగం కాస్త పైకి లేచిన జోడు వాడమన్నారు. చెప్పే ముందుకు దొర్లితే వేలు వంగక్కర లేదు. బొటనవేలికి ఉంగరం ఉన్న చెప్పులు, పల్చటి హవాయి చెప్పులు మానెయ్యమన్నారు. కీలులో ఒక ఇంజెక్షను ఇస్తే కొన్ని నెలలు హాయిగా గడిచాయి. జబ్బు ముదరనివాళ్ళకు పైన మొలిచిన ఎముకను చెక్కేస్తే చాలట. అది చిన్న ఆపరేషను, కీలు కీలుగానే ఉంటుంది. నేను నాన్చి నాన్చి ఆ అదను దాటేశాను.

అప్పుడిక మిగిలింది రెండు దారులు. ఒకటి, రెండు ఎముకలనూ మరలతో బిగించి అతికించడం. నొప్పి పోతుంది, వేలు ఇక ఆ చోట వంగదు. రెండోది, కొత్త కీలు. డాక్టరుగారు దాచకుండా చెప్పారు, అతికించడమే ఎక్కువ నమ్మకమైన పని అని. కొత్త కీలు కథ కొంచెం ఒడిదుడుకులదే. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ స్వాన్సన్ అనే సర్జను 1960ల చివర్లో బొటనవేలికి సిలికోన్ కీలు పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు పెట్టేది తలుపు మడతబందులాంటి చిన్న ముక్క. దానికి రెండు పక్కలా మేకుల్లాంటి కొసలుంటాయి, వాటిని ఆ ఎముకలో ఒకటి, ఈ ఎముకలో ఒకటి దింపుతారు. కొందరిలో ఏళ్ళు గడిచాక ఈ సిలికోన్ అరిగి పొడి రాలి చుట్టూ వాపు తెచ్చింది, విరిగినవీ ఉన్నాయి. లోహపు కీళ్ళు వచ్చాయి, అవీ కొన్ని వదులయ్యాయి. కార్టివా అని మెత్తటి గుబ్బలాంటి కృత్రిమ మృదులాస్థిని అమెరికా ప్రభుత్వం 2016లో అనుమతించింది. 2024లో తయారీదారులే దాన్ని వెనక్కు తీసుకున్నారు. కొత్తగా వచ్చింది కనుక మంచిదే అనుకోవడానికి లేదన్నమాట.

అయినా నేను కొత్త కీలే కోరుకున్నాను. వేలు వంగకపోతే పీట మీద కూర్చునేదెలా, పూజలో మోకరిల్లేదెలా, బతుకమ్మ ఆడేదెలా అన్నదే నా దిగులు. డాక్టరుగారు నవ్వి, "పెడతాను, కానీ ముంగాళ్ళ మీద గంటలు గంటలు కూర్చుంటే త్వరగా అరిగిపోతుంది. అప్పుడు మళ్ళీ తీసి అతికించాలి, అది మొదటిదానికంటే కష్టం" అన్నారు. కూర్చోవడం కోసం కీలు పెట్టించుకుని, కీలు కోసం కూర్చోవడం తగ్గించుకోవాలి. ఇది విన్న రోజు మావారు ఒక రాత్రంతా ఆలోచించుకోమన్నారు. ఆలోచించే ఒప్పుకున్నాను. తప్పా ఒప్పా అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది.

హైదరాబాదులో చేయించుకున్నాను. నడుముకు సూది, గంట సేపు పని, నొప్పేమీ తెలియలేదు. గొడవంతా ముందురోజు మెట్టెల దగ్గర వచ్చింది. కాలికి లోహం ఉండకూడదు, పైగా వాపుకు మెట్టె వేలిలో దిగిపోతుంది, తీసెయ్యాలన్నారు. అత్తమ్మ ముఖం మాడిపోయింది. "పెనిమిటి ఎదురుంగ ఉండంగ మట్టెలు తీస్తరా?" అంది. చివరకు ఆమే తన చేత్తో తీసి, పసుపు భరిణెలో పెట్టి, ఆ భరిణె తన ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రి బల్ల మీద కూర్చుంది. మీలో ఎవరికైనా కాలి ఆపరేషను ఉంటే ఈ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోండి. చివరి నిమిషంలో ఏడుపులు వద్దు.

ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలే అసలైన పరీక్ష. కాలు గుండెకంటే ఎత్తులో ఉంచాలి. కుర్చీలో కూర్చుని ముందు స్టూలు వేసుకుంటే చాలదు, పడుకుని కాలి కింద రెండు మూడు దిండ్లు పెట్టుకోవాలి. దింపిన అయిదు నిమిషాలకే కాలు గుంజడం మొదలై, వేలు కమిలిపోయేది. మడమ మీద బరువు వేస్తూ, వాళ్ళిచ్చిన గట్టి అడుగు జోడు తొడుక్కుని, బాత్రూముకు పోయి రావడం వరకే అనుమతి. కట్టు తడవకూడదు. నేను ప్లాస్టిక్ సంచి కట్టుకుని, స్టూలు మీద కూర్చుని, కాలు బయటపెట్టి స్నానం చేసేదాన్ని. పాతకాలపు దొడ్డి వాడేవాళ్ళయితే ముందే కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టుకోవాలి. పసుపు పండే ఊరి కోడలిని, అయినా కుట్ల మీద పసుపు పెట్టనివ్వలేదు. మానని గాయం మీద డాక్టరు చెప్పనిదేదీ వెయ్యకూడదు.

పధ్నాలుగో రోజు కుట్లు విప్పారు. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. కుట్లు పోయాయి కదా, కాలు బాగైపోయిందనుకున్నాను. వారం తిరగకుండానే సంక్రాంతి సకినాలు వచ్చాయి. "కూసోనే పనే కద, నిలవడుడు లేదు" అంది అత్తమ్మ. నాకూ ముచ్చటే. వాకిట్లో బట్ట పరిచి పొద్దున తొమ్మిదింటికి కూర్చున్న దాన్ని మూడింటికి లేచాను. ఆడపడుచులు, తోటికోడళ్ళు, కబుర్లు, నవ్వులు, కాలు సంగతే మరిచిపోయాను. రాత్రికి పాదం బూరెలా పొంగింది. తెల్లారేసరికి గాయం కింది కొసన తడి. హైదరాబాదుకు పరుగు. అదృష్టం బాగుండి లోపలికి పోలేదు, మందులతో సర్దుకుంది. చీము లోపలి ముక్కదాకా పోయి ఉంటే ఆ కీలే తీసెయ్యాల్సి వచ్చేదన్నారు. ఆ సకినాలు నేను ఒక్కటి కూడా తినలేదు.

తప్పు అత్తమ్మది కాదు. కాలు కట్టుతో ఉన్నంతకాలం ఇంట్లో అందరికీ నేను రోగిని. కట్టు ఊడితే మళ్ళీ కోడలిని. ముందు నేనే అలా అనుకున్నాను, మిగతావాళ్ళు అనుకోవడంలో వింతేముంది? ఆ తర్వాత మావారు ఒక పని చేశారు. ఆరు వారాల తేదీని క్యాలెండరులో ఎర్రగా దిద్ది, "ఆ రోజుదాకా వంటింటి గడప దాటొద్దు" అన్నారు. మా అమ్మాయి అన్నం వండటం, ఆయన కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టడం అప్పుడే నేర్చుకున్నారు. పప్పు మాడిన రోజులూ ఉన్నాయి. ఎవరూ చావలేదు.

విశ్రాంతి అన్నాను గానీ వేలిని ఊరకే వదిలెయ్యకూడదు. వదిలేస్తే చుట్టూ కండ బిగిసి కొత్త కీలు కూడా పాతదానిలాగే అవుతుంది. డాక్టరు సరేనన్నాక, నాకైతే గాయం ఆరాక, రోజుకు మూడుసార్లు చేత్తో వేలు పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ వంచాలి. మొదటి రోజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను రేడియోలో పాట వచ్చినంతసేపు వంచేదాన్ని, పాట అయిపోతే ఆపేదాన్ని. ఇంకొక పొరపాటు, నొప్పికి భయపడి పాదం బయటి అంచు మీద నడవడం. అలా నడిస్తే పక్క వేళ్ళ కింద నొప్పి మొదలవుతుంది, మోకాలు కూడా పట్టేస్తుంది. పాదం నిండా ఆనించి చిన్న చిన్న అడుగులు వెయ్యడం చంటిపిల్లలా మళ్ళీ నేర్చుకున్నాను.

జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా, చీము కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోండి. పిక్క ఒక్కటే వాచి నొప్పి పుడితే ఇంకా తొందరపడాలి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఊపిరి ఆడకపోతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. చక్కెర జబ్బున్నవాళ్ళు ఆపరేషనుకు ముందే దాన్ని అదుపులో పెట్టుకోవాలి. లేకపోతే గాయం మానడం కష్టం.

ఆరు వారాలకు మెత్తటి వెడల్పు బూట్లలోకి వచ్చాను. చీర మీద బూట్లేమిటని గాంధీచౌక్‌లో అందరూ చూశారు. చూడనీ. మూడు నెలలకు కూరగాయల సంచి మోసుకొచ్చాను. సాయంత్రానికి వాపు మాత్రం ఎనిమిదో నెలదాకా వస్తూనే ఉంది, ఏడాదిదాకా ఉండొచ్చని ముందే చెప్పారు. నొప్పి నూటికి తొంభై పాళ్ళు పోయింది. వంపు పాతకాలపు వంపు కాదు, సగం వచ్చిందనుకోండి. వంటింట్లో ఎత్తు స్టూలు, నేల తుడవడానికి పొడుగు కర్ర వచ్చాయి. పీట అటక ఎక్కింది.

మొన్న బతుకమ్మకు రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టుకు అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టాను. మెట్టెలు మాత్రం అంతకుముందే, ఆరో నెలలో పెట్టుకున్నాను. పక్కవేలు కూడా లావెక్కి పాతవి పట్టలేదు. అత్తమ్మ భరిణె పట్టుకుని అవుసలాయన దగ్గరకు తనే వెళ్ళింది, చుట్టు కొంచెం తెరిపించి, వదులు చేయించి తెచ్చింది. ఇప్పుడు వాపు వచ్చిన సాయంత్రం నేనే తీసి దిండు కింద పెట్టుకుంటాను. ఆమె చూస్తుంది, ఏమీ అనదు.