మీకు తెలుసా? చుట్ట విప్పితే రాణి!

చేర్యాల నకాశీ పటం చూశారా? ఎర్రటి రంగు మీద పైనుంచి కిందికి బొమ్మల్లో నడిచే కథ! పాత పటాలు విప్పితే 40 అడుగులు దాటేవి! ఇప్పుడు చెవి ఇటు పడేయండి. ఇలాగే చుట్టగా చుట్టి, జనం మధ్య విప్పి, గొంతెత్తి వినిపించే రాణి కథ ఇంకొకటి ఉంది. మన ఊళ్లలో ఎందరో ఆడపిల్లలకు ఆమె పేరే పెట్టుకున్నారు. ఎస్తేరు!

ఆ కథ మొదటి వచనంలోనే మన దేశం ఉంది! ఎస్తేరు భర్త, పారశీక రాజు అహష్వేరోషు ఏలిన సంస్థానాలు 127. ఆ లెక్క మొదలయ్యేదే హిందూదేశం నుంచి! యూదుల లేఖనాలన్నీ వెతకండి, ఇంకే గ్రంథంలోనూ మన దేశం పేరు లేదు. ఈ యూదు అమ్మాయి కథలోనే ఉంది. అదీ రెండుసార్లు!

రెండోసారి ఎక్కడో చెప్పనా? ఎనిమిదో అధ్యాయం తొమ్మిదో వచనంలో. బైబిలు మొత్తంలో అన్నిటికన్నా పొడుగు వచనం అదే! హీబ్రూలో ఏకంగా 43 మాటలు!

ఇంకో రహస్యం. హీబ్రూ మూలంలో ఈ గ్రంథం 10 అధ్యాయాలు. వాటిలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు! పవిత్ర గ్రంథమే, కానీ ఆ పేరు లేదు!

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట ఇక్కడే ఉంది. దేవుడి పేరు లేదు కాబట్టే ఈ చుట్టకు బొమ్మలు వేయడానికి చిత్రకారులు వెనకాడలేదంటారు! ప్రార్థనాలయంలో చదివే చుట్టలో ఉత్త అక్షరాలే. ఇళ్ల కోసం రాయించుకున్న చుట్టల్లో మాత్రం రాణులు, గుర్రాలు, పూలతీగలు! 16వ శతాబ్దపు ఇటలీలో ఈ సరదా ఊపందుకుంది. అక్కడ తోలు మీద సిరా. మన చేర్యాలలో ఖద్దరు గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద, గంజి పూసి, ఆరబెట్టి, ఆపైన రంగులు! ఎక్కడి ఇటలీ, ఎక్కడి చేర్యాల! కథకు చుట్ట, చుట్టకు బొమ్మ. రెండు చోట్లా అదే!

అంతకన్నా పాత బొమ్మ ఒకటుంది, వినండి. సిరియాలో దూరా యూరోపస్ అనే పాత ఊరు. అక్కడి యూదుల ప్రార్థనాలయం గోడ మీద సింహాసనంపై కూర్చున్న ఎస్తేరు! తెల్లగుర్రం మీద ఆమెను పెంచిన మొర్దెకై! గీసింది క్రీ.శ. 244 ప్రాంతంలో!

చుట్ట చదివేవాళ్లకు ఊపిరి బాగా ఉండాలి! యూదులందరినీ చంపించాలని చూసిన మంత్రి హామాను నుంచి ఎస్తేరు వాళ్లను కాపాడిన గుర్తుగా చేసుకునేదే పూరీము పండగ. ఆనాడు చదివే చుట్టలో హామాను కొడుకుల పేర్లు 10 వస్తాయి. అన్నీ ఒకే గుక్కలో చదివేయాలి!

ఇక పిల్లల సందడి! హామాను పేరు చెవిన పడిందా, గిలకలు తిప్పుతారు, కాళ్లు నేలకేసి బాదుతారు. ఆ దుర్మార్గుడి పేరు గోలలో కలిసిపోవాలి! కథలో ఆ పేరు 54 సార్లు వస్తుంది. కలిపేవాళ్లకు ఎంత పనో చూడండి!

హామాను నిలబెట్టిన ఉరికొయ్య ఎత్తు 50 మూరలు! మొర్దెకై కోసం నిలబెట్టాడు. చివరికి దానికి వేలాడింది తనే!

మృతసముద్రం దగ్గరి గుహల్లో 1947 నుంచి తవ్వి తీసిన చుట్టల మాట వినే ఉంటారు. వందల చుట్టల ముక్కలు! వాటిలో ఎస్తేరు గ్రంథం ముక్క ఒక్కటీ లేదు! అక్కడ లేకపోతేనేం, పూరీము వస్తే ఊరూరా రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి వినిపించే కథ ఇదే!

మన హోలీకీ పూరీముకూ చుట్టరికం ఏమీ లేదు. అయినా రెండూ చాలా ఏళ్లు పక్కపక్కనే వస్తాయి. 2025లో అయితే ఒకేరోజు పడ్డాయి, మార్చి 14న! ఇక్కడ రంగులు చల్లుకుంటుంటే అక్కడ పిల్లలు వేషాలు కట్టి మాస్కులు పెట్టుకున్నారు. మాస్కులంటే చేర్యాలకు వేరే చెప్పాలా? కొబ్బరి చిప్పల మీద కూడా మీసాలు తిప్పిన మొహాలు పుట్టించే ఊరు!

పూరీమునాడు ఇంకో నియమం. స్నేహితుడికి 2 రకాల తినుబండారాలు పంపాలి! పేదలకు చేతనైనది ఇవ్వాలి! పండుగకు పంచిపెట్టాలన్న మాట ఎస్తేరు గ్రంథంలోనే ఉంది. ఇంత పెద్ద విజయం తర్వాత పేదవాణ్ని గుర్తుపెట్టుకున్నారు, అది నాకు భలే నచ్చింది!

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి సంగతి అనుకుంటున్నారా? తెలుగు మాట్లాడే యూదులున్నారు! గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం. బెనె ఎఫ్రాయిము అని పిలుచుకునే ఆ కుటుంబాలకు 1991 నుంచి సొంత ప్రార్థనాలయం ఉంది. గుంటూరులో బస్సెక్కితే గంటలోపే చేబ్రోలు!