రాడార్‌కు 'చెవి' ఇచ్చిన గాజు ట్యూబ్.. తన కేకకే కాలిపోకుండా ఎలా ఆపారు?

రాడార్ అనగానే అందరూ మాగ్నెట్రాన్ గురించే చెబుతారు. 1940లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ రాండాల్, హ్యారీ బూట్ తయారుచేసిన ఈ ట్యూబ్, 10 సెంటీమీటర్ల తరంగాలను మంచి పవర్‌తో పుట్టించింది. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట వచ్చే శత్రు విమానాలను పసిగట్టడానికి బ్రిటన్‌కు అదే కావాలి. కానీ కేక వేస్తే సరిపోదు కదా! తిరిగొచ్చే ప్రతిధ్వని వినిపించాలి.

ఇక్కడే చిక్కొచ్చింది. 10 సెంటీమీటర్ల తరంగం అంటే సెకనుకు 300 కోట్ల కంపనాలు. ఆనాటి మామూలు రేడియో వాల్వులు అంత వేగాన్ని తట్టుకోలేవు. అందుకే రిసీవర్‌లోనే 297 కోట్ల కంపనాల తరంగం ఒకటి పుట్టించి, వచ్చిన సిగ్నల్‌తో సిలికాన్ క్రిస్టల్ దగ్గర కలిపితే, తేడా 3 కోట్లు మిగులుతుంది. దాన్ని మామూలు వాల్వులే పెంచగలవు. (క్రిస్టల్‌తో తరంగాలు పట్టే పరికరానికి మన జగదీశ్ చంద్రబోస్ 1904లోనే అమెరికా పేటెంట్ పొందారు.)

మరి ఆ రెండో తరంగం ఎవరివ్వాలి? బ్రిటిష్ నౌకాదళం కోసం పనిచేసిన రాబర్ట్ సట్టన్ 1940లో చేసిన రిఫ్లెక్స్ క్లైస్ట్రాన్ ఆ పని చేసింది. అందులో ఎలక్ట్రాన్లు ఒక చిన్న రాగి గదిని దాటి ముందుకెళ్తాయి. ఎదురుగా ఉన్న నెగెటివ్ ప్లేటు వాటిని వెనక్కి తోసేస్తుంది. తిరిగొచ్చేసరికి అవి గుంపులు గుంపులుగా చేరి, తమ శక్తిని ఆ గదికే ఇచ్చేస్తాయి. ప్లేటు వోల్టేజీని కాస్త మారిస్తే చాలు, ఫ్రీక్వెన్సీ కూడా మారుతుంది.

ఇంకో గండం మిగిలింది. పంపడానికీ వినడానికీ యాంటెన్నా ఒక్కటే. కిలోవాట్ల పల్స్ లోపలికి వస్తే క్రిస్టల్ క్షణంలో మాడిపోతుంది. దీనికి పరిష్కారం అదే సట్టన్ ట్యూబ్‌లో దొరికింది. అందులో తక్కువ పీడనంలో వాయువు నింపారు. పల్స్ రాగానే వాయువు మెరిసి దారి మూసేస్తుంది. పల్స్ ఆగాక మైక్రోసెకన్లలోనే ఆరిపోయి, ప్రతిధ్వనికి దారి వదులుతుంది. దీన్నే టీఆర్ ట్యూబ్ అంటారు.

ఈ ఏర్పాటుతోనే విమానాల్లో ఒకే డిష్‌తో రాడార్ సాధ్యమైంది. 1943లో అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాముల వేటలో 10 సెంటీమీటర్ల రాడార్లు కీలకమయ్యాయి.

ఇప్పుడు వీటి స్థానాన్ని సెమీకండక్టర్లు తీసుకున్నాయి. అయినా పాత సామాన్లలో ఇలాంటి ట్యూబ్ కనిపిస్తే పగలగొట్టొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. వాయువు వెంటనే మెరవడానికి కొన్ని టీఆర్ ట్యూబుల్లో కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కూడా పెట్టేవారు.